పెరట్లో కోళ్ల గూడు: గాలి ఆడాలి, గాలికి ఆగాలి



మొన్న జీవామృతం మీద పెట్టిన వీడియోలో మా పెరట్లో కోళ్ల గూడు ఒక మూలకి కనపడింది. వీడియో చూసినవాళ్లలో చాలామంది జీవామృతం వదిలేసి గూడు గురించి అడిగారు. "కప్పు మీద చేపల వల ఎందుకు కప్పారు?" అని. అందుకే ఈసారి వీడియోలో గూడు లోపలా బయటా మొత్తం తిప్పి చూపించాను. కొలతలు, కారణాలు అక్కడ హడావిడిగా చెప్పేశాను కాబట్టి ఇక్కడ నింపాదిగా రాస్తున్నా.

వల సంగతి చెప్పాలంటే ముందు నేను చేసిన తప్పు చెప్పాలి.

మొదటి గూడు ఎలా పోయింది

మాది బాపట్ల తీరానికి దగ్గర్లో ఉన్న ఊరు. కోళ్లు మా అమ్మవి. గుడ్ల డబ్బులు కూడా ఆమెవే. ఇంట్లో ఎవరూ వాటి లెక్క అడగం. 2023లో చిన్నా పెద్దా కలిపి 22 కోళ్లు ఉండేవి. అంతకుముందు వంటింటి చూరు కింద గంపల్లో పడుకునేవి. "ఇన్నిటికి గంపలేంటమ్మా, మంచి గూడు కట్టిస్తా" అని నేనే పూనుకున్నా. ఇనుప యాంగిల్ ఫ్రేము, పైన రెండు రేకులు, చుట్టూ కోళ్ల మెష్, కింద నాలుగు కాళ్లు. ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చని సంబరపడ్డా. తేలిగ్గా జరిగే గూడు గాలికి కూడా తేలిగ్గానే జరుగుతుందని అప్పుడు తట్టలేదు.

డిసెంబర్ 4న మిచౌంగ్ తుఫాను వాన పట్టుకుంది. కోళ్లు తడిసిపోతున్నాయని సాయంత్రం ధాన్యం మీద కప్పే బరకం తెచ్చి గూడు చుట్టూ నాలుగు వైపులా బిగించి కట్టేశా. ఒక్క సందు కూడా వదల్లేదు. అమ్మ చూసి, "ఒరేయ్, అంత బిగిస్తే వాటికి ఊపిరెట్టా ఆడుద్దిరా?" అంది. "ఒక్క రాత్రికి ఏం కాదులే" అన్నా.

5వ తేదీ మధ్యాహ్నం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. పొద్దున్నించీ ఉత్తరం వైపు నుంచి కొట్టిన గాలి, దాటాక ఎదురు వైపుకి తిరిగింది. తీరం వాళ్లందరికీ తెలుసు, గాలి తిరిగిన తరవాతే అసలు నష్టం. బరకం పడవ తెరచాపలాగా ఉబ్బింది. గూడు లేచి, వెల్లకిలా పడి, రెండు పల్టీలు కొట్టి ప్రహరీకి ఆనుకుంది. వెళ్లి బరకం కోసి తీస్తే లోపల 5 కోళ్లు నలిగి చనిపోయి ఉన్నాయి. మిగతావి తడిసి ముద్దయి వణుకుతున్నాయి.

అంతటితో అయిపోలేదు. తరవాత పది రోజుల్లో ఇంకో 6 పోయాయి. ముక్కులు కారడం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ఆకుపచ్చ రెట్ట, మెడ మెలికలు తిరగడం. పశువుల డాక్టరు చూసి కొక్కెర తెగులు అన్నారు. ఆ బ్యాచికి ఎనిమిదో వారంలో వేయించాల్సిన టీకా నేను వాయిదా వేస్తూ పోయా. చలి, తడి, భయం మూడూ ఒకేసారి తగిలితే అసలే టీకా లేని కోడి ఏం తట్టుకుంటుంది? 22లో 11 మిగిలాయి. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. సంక్రాంతికి ఎవరో పుంజు అడగడానికి వస్తే, "ఈయేడు లేవయ్యా" అని పంపించేసింది. అదే నాకు ఎక్కువ తగిలింది.

ఆ తరవాత అర్థమైంది ఇదీ. గూటికి రెండు పనులు ఉన్నాయి. లోపల గాలి ఎప్పుడూ ఆడుతూ ఉండాలి. బయటి గాలికి గూడు ఆగాలి. నేను ఈ రెండూ తలకిందులు చేశా. గూటిని నేలకి కట్టాల్సింది, గుడ్డతో చుట్టా.

ముందు నేల, తరవాత గూడు

ఎక్కువమంది కప్పు దగ్గర మొదలుపెడతారు. నేనూ అంతే. కానీ పెరటి కోళ్లని తిప్పలు పెట్టే తడి పైనుంచి కంటే కిందనుంచే ఎక్కువ వస్తుంది. తుఫాన్లప్పుడు మా పెరట్లో నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో బావి గోడ మీద చారలు ఉన్నాయి. అడుగు దాకా ఉంది. అందుకని కొత్త గూటికి అడుగున్నర ఎత్తు అరుగు కట్టాం. చుట్టూ ఇటుక, లోపల ఇటుక ముక్కలు, మట్టి దిమ్మిస కొట్టి నింపాం. మీ ఇంట్లో కూడా గోడల మీద నీటి చార చూసుకుని, దానిపైన కనీసం అర అడుగు ఎత్తు పెట్టుకోండి.

అరుగు మీద మట్టి పరిచే ముందు అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ పరిచాం. ఇది పందికొక్కుల కోసం. ఒకసారి బొరియ పెట్టాయంటే వాటి వెనకే పాము వస్తుంది.

గూడు లోపలి కొలత 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. అంటే 48 చదరపు అడుగులు. రాత్రి పడుకోవడానికి కోడికి 2 చదరపు అడుగుల లెక్కన 20 కోళ్లకి సరిపోయి కాస్త మిగులుతుంది. పొడవు తూర్పు పడమరలుగా ఉంది. అప్పుడు పొద్దుటి ఎండ, సాయంత్రం ఎండ పొట్టి గోడల మీదే పడతాయి, మెష్ ఉన్న పొడుగు వైపుల నుంచి నేరుగా లోపలికి రావు.

గుంజలు, కప్పు

మా వైపు సరుగుడు తోటలకి కొదవ లేదు. నాలుగు అంగుళాల మందం సర్వి గుంజలు ఆరు తీసుకున్నాం. అడుగు భాగం కాల్చి, తారు పూసి, నేలలోకి 3 అడుగులు దించాం. మాది ఇసుక నేల, గుంజని గట్టిగా పట్టుకోదు. అందుకని ప్రతి గుంజ అడుగున ఒక అడ్డకర్ర మేకులతో కొట్టి, అది గోతిలో అడ్డంగా ఉండేట్టు పూడ్చాం. గాలి గుంజని పైకి లాగితే ఆ అడ్డకర్ర మీదున్న మట్టి అంతా కలిసి ఆపుతుంది. నల్లరేగడి వాళ్లకి ఈ బాధ తక్కువ. కానీ అక్కడ వానకి నేల మెత్తబడి గుంజలు వాలతాయి, కాబట్టి గుంతలో ఇటుక ముక్కలు బాగా కూరి గట్టిపరచండి.

తుఫాను గాలి కప్పుని తోసే దానికంటే పైకి లేపేదే ఎక్కువ. కప్పు పోయాక మిగతాది నిలబడటం కష్టం. అందుకే కప్పు నుంచి నేల దాకా ఒకటే గొలుసులాగా ఉండాలి. రేకు దూలానికి, దూలం గుంజకి, గుంజ నేలకి. ఎక్కడ ఒక ముడి వదులైతే అక్కడే తెగుతుంది. మేకులొక్కటే నమ్ముకోకండి. రేకులకి వాషరు వేసి జె బోల్టులు బిగించాం. దూలం, గుంజ కలిసే ప్రతిచోటా బైండింగ్ వైరు నాలుగు చుట్లు తిప్పి మెలిపెట్టాం.

కప్పు నాలుగు వైపులా వాలుగా పెట్టాం. రెండు వాలుల కప్పుకి పక్కన నిలువుగా త్రికోణం గోడ ఉంటుంది, గాలి దాన్ని పట్టుకుంటుంది. నాలుగు వాలులైతే ఎటు నుంచి వచ్చినా జారిపోతుంది. కోస్తాలో పాత చుట్టిళ్లు చూసిన పెద్దవాళ్లకి ఇది కొత్త కాదు. వాటి కప్పుకి మూలలే ఉండవు, చూరు నడుం ఎత్తుకి వంగి ఉండేది. మా అమ్మకి 1977 దివిసీమ ఉప్పెన గుర్తుంది, అప్పటికి చిన్నపిల్ల. గూటి కప్పు నేను నిటారుగా గీసి చూపిస్తే, "చూరు దించరా, గాలికి తల వంచిందే నిలుస్తుంది" అంది. ఈసారి ఆమె మాట విన్నా.

చూరు ఎంత బయటికి ఉండాలన్నది మాత్రం తేల్చుకోవాల్సిన విషయం. మూడు అడుగులు పెడితే జల్లు లోపలికి రాదు, కానీ గాలికి అదే పట్టు అవుతుంది. అడుగు పెడితే గాలికి బాగుంటుంది, వానకి పనికిరాదు. మేం 2 అడుగులు పెట్టి, దాన్ని కిందికి కట్టేశాం. కిందికి కట్టడానికే ఆ వల.

రేకు ఒక్కటే అయితే ఎండాకాలం పెనంలాగా కాలుతుంది. అందుకని రేకు మీద తాటాకు రెండు పొరలు పరిచాం. తాటాకు ఎగిరిపోకుండా దాని మీద పాత చేపల వల కప్పి, నాలుగు మూలలా, మధ్యలోనూ తాళ్లతో కిందికి దించి, నేలలో ఏటవాలుగా దిగేసిన మేకు గుంజలకి కట్టాం. గుంజ తల గూటికి ఎదురు దిక్కుకి వాలి ఉండాలి. నిట్టనిలువుగా దిగేస్తే తాడు లాగినప్పుడు ఊడొస్తుంది. వలలు సూర్యలంక వైపు వేటకెళ్లేవాళ్ల దగ్గర, చిరిగినవి, తక్కువ డబ్బుకే దొరికాయి. ఆకు మీద వల బరువు పంచుకుని పడుతుంది, తాడు లాగా ఒకచోట కోయదు.

గోడలు: గాలిని ఆపకండి, నెమ్మది చేయండి

కింద అడుగున్నర ఇటుక గోడ. నేల మీద తిరిగే కోళ్లకి, పిల్లలకి చలిగాలి నేరుగా తగలదు. దానిపైన తూర్పు, పడమరలు తాటి పలకలు. ఉత్తరం, దక్షిణం మొత్తం మెష్. నాలుగు వైపులా చూరు కింద అడుగు మేర మెష్ మాత్రం ఎప్పుడూ, ఎంత వానలోనైనా, మూయం. కోళ్ల ఊపిరి, రెట్టలోంచి లేచే ఘాటు, తేమ అన్నీ పైకే లేస్తాయి. అవి పోవడానికి దారి అదే.

ఇది పరీక్షించుకోవడం తేలిక. తెల్లారి తలుపు తీయగానే కోడి తల ఎత్తుకి వంగి ఒకసారి గాలి పీల్చండి. కళ్లు మండినా, ముక్కు ఘాటెక్కినా గూట్లో గాలి ఆడట్లేదని అర్థం. మనం నిలబడి వాసన చూస్తే తెలియదు, రాత్రంతా పీల్చేది ఆ ఎత్తులో ఉన్న కోడి.

వానకి ఉత్తరం, దక్షిణం వైపుల గోనెపట్టాల పరదాలు ఉన్నాయి. పరదా అడుగు భాగాన్ని కింద గోడకి కట్టేసి, పై అంచు తాడుతో పైకి లాగేట్టు పెట్టాం. సినిమా తెరలాగా పైనుంచి కిందికి దించితే పైన మూసుకుని కింద తెరిచి ఉంటుంది, అంటే చలి కోడికి, ఘాటు కూడా కోడికే.

తుఫానుకి పరదాలు చాలవు. అప్పుడు తాటాకు తడికలు వాడతాం. రెండు వైపులకీ సరిపడా తడికలు ముందే అల్లించి, గూటి పక్కనే అటక మీద పెట్టుకున్నాం. గాలి వచ్చే వైపు తడిక బిగించి, ఎదురు వైపు తెరిచి ఉంచుతాం. గాలి తిరిగితే తడికా తిరుగుతుంది. తడికలో సందులుంటాయి కదా అని అనుమానం వద్దు, ఆ సందులే కావాలి. బరకం గాలిని పూర్తిగా ఆపాలని చూసి, తానే ఎగురుతుంది. తడిక కొంత గాలిని వదిలేసి, మిగతాదాన్ని నెమ్మది చేస్తుంది. పొలం గట్టు మీద సరుగుడు వరస చేసే పనే ఇది.

తిరిగే జాగా

గూటిని ఆనుకుని 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఆవరణ. కోడికి 12 చదరపు అడుగులు. పగలు పొలంలోకి వదిలేవాళ్లకి ఇంత అక్కర్లేదు, కానీ నారు పోసినప్పుడు, కూరగాయ మడులు లేతగా ఉన్నప్పుడు కోళ్లని కట్టడి చేయాలిగా.

మామూలుగా కోళ్ల మెష్ అని అమ్మే ఆరు మూలల సన్నవైరు కోడిని లోపల ఉంచడానికే, కుక్కని బయట ఉంచడానికి కాదు. కుక్క పళ్లతో లాగితే చిరిగిపోతుంది. కంచెలకి వాడే చైన్‌లింక్ గట్టిదే కానీ పెద్ద కన్నాల్లోంచి ముంగిస దూరిపోతుంది. అందుకని కింది మూడు అడుగులు అర అంగుళం వెల్డ్ మెష్, ఆపైన చైన్‌లింక్ పెట్టాం. మెష్ కింది అంచుని లోతుగా పాతే బదులు, బయటి వైపుకి అడుగు మేర వంచి నేల మీద పరిచి, రెండు అంగుళాల మట్టి కప్పాం. తవ్వే జంతువు కంచె మొదట్లోనే తవ్వుతుంది. అక్కడ గోళ్లకి మెష్ తగిలితే వదిలేసి పోతుంది. పైన గద్దల కోసం అదే పాత వల.

ఆవరణ మొత్తం ఒక వైపుకి కొంచెం వాలు ఉండాలి, వాలు చివర మురుగు కాలవ ఉండాలి. మేం ఆవరణని మధ్యలో తడికతో రెండు ముక్కలు చేసి, నెలకోసారి మారుస్తాం. ఖాళీగా ఉన్న ముక్కలో తోటకూర, జొన్న చల్లితే మళ్లీ మార్చేనాటికి మేత.

నీడకి అవిశె, మునగ వేశాం. మునగ కొమ్మ పెళుసు, గూటి మీద పడేంత దగ్గర్లో వేయొద్దు. ఏటా సెప్టెంబర్లో తల నరికేయండి. కొబ్బరి చెట్టు కింద మాత్రం గూడు కట్టకండి. తుఫాను దాకా ఎందుకు, మామూలు రోజు కాయ పడినా చాలు.

ఎండాకాలం

వానకే కాదు, ఎండకీ గాలే మందు. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు ఉంటుంది. దానికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ వేడి దించుకుంటుంది. ఉక్కపోత ఉంటే ఆ రొప్పడం కూడా పెద్దగా పనిచేయదు. కాబట్టి మా తీరం వాళ్లు గోనెలు తడిపి నాలుగు వైపులా కట్టేస్తే లోపల ఉక్క పెరిగి నష్టమే. ఒక వైపు తడిపి, ఎదురు వైపు పూర్తిగా తెరవాలి. గాలి పొడిగా ఉండే రాయలసీమ, తెలంగాణ వాళ్లకి తడి గోనెలు బాగా పనిచేస్తాయి. ఎక్కడైనా సరే మేత తెల్లారగట్ల, సాయంత్రం పెట్టండి. మిట్ట మధ్యాహ్నం మేత అరగడానికి కూడా ఒంట్లో వేడి పుడుతుంది. నీళ్లు మట్టి కుండల్లో, నీడలో, రెండు మూడు చోట్ల ఉంచండి.

లోపలి సామాను

కోళ్లు పడుకునే కర్రలు రెండు, ఒక్కోటి 7 అడుగులు, నేలకి రెండున్నర అడుగుల ఎత్తులో. కోడికి 8 అంగుళాల జాగా లెక్క. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, లేకపోతే పై కర్ర కోసం రోజూ సాయంత్రం పంచాయితీనే. గుడ్లకి నాలుగైదు పెట్టలకి ఒక గంప. నేల మీద నాలుగు అంగుళాల వరి ఊక.

ఊక తడి చూడటానికి గుప్పెడు తీసి పిసకండి. విడిపోతే మంచిది. ముద్దగా ఉండిపోతే తీసేయాల్సిందే. తడి ఊక మీద సున్నం చల్లేవాళ్లని చూశా, నేనూ చల్లా. దాంతో ఘాటు తగ్గకపోగా ఇంకా లేస్తుంది. ముందు తడి ఊక ఎత్తేసి, నేల మీద సున్నం చల్లి, ఆరాక కొత్త ఊక వేయండి. తడి ఊకలోనే రక్త పారుడు కూడా పుడుతుంది. ఒక మూల తొట్టిలో పొయ్యి బూడిద, పొడి మట్టి కలిపి పెడితే కోళ్లు పొర్లి కోడిపేలు దులుపుకుంటాయి.

తీసిన ఊక నేరుగా మొక్కలకి వేయొద్దు, కోడి ఎరువు వేడి. ఎండుటాకులతో కలిపి కుప్ప వేసి, రెండు మూడు నెలలు మాగాక కొబ్బరి పాదులకి వేస్తున్నాం.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మనం పొలంలో మందులు వాడం, మంచిదే. కానీ కొక్కెర తెగులు వచ్చాక కషాయాలతో తగ్గదు. దానికి టీకా ఒక్కటే దారి. పిల్లకి మొదటి వారంలో లసోటా కంట్లో చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద సూది. మీ ఊరి పశువైద్యశాలలో అడగండి. నేను పోగొట్టుకున్న 11లో 6 దీనికే పోయాయి.

ఖర్చు, పరీక్ష

మొదటి గూటికి ఆరున్నర వేలు అయ్యింది. దీనికి మెష్, రేకులు, ఇటుక, గుంజలు అన్నీ కలిపి 19 వేలు. పని మేమే చేసుకున్నాం. ఎక్కువ భాగం మెష్‌కే పోయింది, అక్కడ మాత్రం పొదుపు చేయకండి.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను వచ్చింది. అది మాకు ఉత్తరంగా దాటింది, మా దగ్గర మిచౌంగ్ అంత గాలి లేదు, కాబట్టి పూర్తి పరీక్ష అని చెప్పను. కానీ వాన గట్టిగానే కొట్టింది. సాయంత్రం తడికలు కట్టి, తాళ్లు ఒకసారి లాగి చూసుకుని వచ్చేశా. రాత్రి రెండుసార్లు అమ్మే టార్చి వేసుకుని వెళ్లొచ్చింది. తెల్లారి చూస్తే నైరుతి మూల తాటాకు కొంత చెదిరింది, ఒక తాడు వదులైంది. అరుగు చుట్టూ నీళ్లు నిలిచాయి, ఊక మాత్రం పొడిగా ఉంది. 19 కోళ్లు లెక్కపెట్టుకుని అమ్మ గింజలు చల్లింది.

మన తీరానికి తుఫాన్లు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. సెప్టెంబర్లో ఒక పూట, మార్చిలో ఒక పూట పెట్టుకోండి. తాళ్లు లాగి చూడండి, ఎండకి పొడిబారినవి మార్చండి. బోల్టులు బిగించండి. గుంజల మొదట్లో చెదలు గీకి చూడండి. కొమ్మలు కొట్టండి. తడికలు చేతికందేచోట పెట్టండి. టీకా తేదీలు గోడ మీద రాసుకోండి. వాన మొదలయ్యాక మనకి చేతిలో ఉండేది బరకం ఒక్కటే, దాంతో ఏమవుతుందో నేను చూశాను.

మీ ప్రాంతంలో గాలివానకి ఆగిన గూళ్లు ఉంటే ఎలా కట్టారో రాయండి. ముఖ్యంగా నల్లరేగడిలో గుంజలు ఎలా నిలబెడుతున్నారో చెప్తే, తరవాతి వీడియోలో అందరికీ చూపిస్తాను. ఉంటాను.